సెప్టిక్ ట్యాంక్ మడ్డిని ఆరబెట్టి, దాని వేడితోనే ప్లాంట్ నడపడం ఎలా?

సెప్టిక్ ట్యాంక్ బండి యార్డుకి తెచ్చే మడ్డిలో నూటికి 97 నుంచి 99 పాళ్లు నీళ్లే. మండే పదార్థం, ఇసుక, నులిపురుగుల గుడ్లు, పైరుకు పనికొచ్చే భాస్వరం అన్నీ మిగిలిన ఆ ఒకటి నుంచి మూడు పాళ్లలోనే ఉంటాయి. ఇసుక తక్కువగా ఉన్న మడ్డిని పూర్తిగా ఎండబెడితే కిలోకి 3,000 నుంచి 4,000 కిలో కేలరీల దాకా వేడి వస్తుంది. వరి ఊక ఇచ్చే వేడికి ఇది తీసిపోదు. ఈ అంకె చూపించే "మడ్డి నుంచి కరెంటు" అంటూ యంత్రాలు అమ్మేవాళ్లు వస్తారు. అంకె నిజమే. కానీ దాని పక్కన రాయాల్సిన రెండో అంకె, అంటే నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి, చాలాసార్లు కాగితం మీదకి రాదు.

పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురంలో, వరంగల్‌లో, మహారాష్ట్రలోని వాయి పట్టణంలో మడ్డిని ఆరబెట్టి, గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసే ప్లాంట్లు పెట్టారు. సెనెగల్ రాజధాని డాకర్‌లో 2015లో ఆమ్ని ప్రాసెసర్ అనే యంత్రాన్ని ప్రయోగాత్మకంగా నడిపారు. అది మడ్డిని మండించి, ఆ వేడితోనే కొత్త మడ్డిని ఆరబెట్టి, ఆవిరిని చల్లార్చి నీటిని కూడా తిరిగి పట్టుకుంటుంది. అంటే పని జరిగేదే. ఎక్కడ జరుగుతుంది, ఎక్కడ నష్టం తెస్తుంది అన్నది మాత్రం లెక్క వేసి తేల్చుకోవాలి. చిన్న పట్టణాల మునిసిపల్ ఇంజినీర్లను, ప్లాంట్ పెట్టాలనుకునే కాంట్రాక్టర్లను, పెద్ద అపార్ట్‌మెంట్లలో ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంట్) చూసుకునే వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందు ఒక లెక్క

కాగితం, పెన్ను తీసుకోండి. 30 డిగ్రీల దగ్గరున్న కిలో నీటిని 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలో కేలరీలు, అక్కడి నుంచి ఆవిరి చేయడానికి ఇంకో 540. మొత్తం 610. నిజమైన డ్రైయర్‌లో కొంత వేడి గోడల నుంచీ, పొగగొట్టం నుంచీ పోతుంది కాబట్టి 800 వేసుకోండి.

ఇప్పుడు వెయ్యి కిలోల మడ్డి తీసుకుందాం. అందులో 2 శాతం ఘనపదార్థం, అంటే 20 కిలోలు. కిలోకి 3,500 చొప్పున దానిలో ఉన్న వేడి 70,000 కిలో కేలరీలు. మిగిలిన 980 కిలోల నీటిని వేడితోనే తీయాలంటే ఏ నష్టమూ లేకుండానే దాదాపు 6 లక్షల కిలో కేలరీలు కావాలి. మన దగ్గర ఉన్నదానికి ఎనిమిదిన్నర రెట్లు.

అదే మడ్డిని ముందుగా ప్రెస్‌లో పిండి 20 శాతం ఘనపదార్థానికి తెస్తే 100 కిలోల కేక్, అంటే పిండిన ముద్ద, మిగులుతుంది. 900 కిలోల నీరు ఒక్క కేలరీ ఖర్చు లేకుండా పోయింది. ఈ కేక్‌ని 90 శాతం పొడిగా చేయాలంటే 78 కిలోల నీరు ఆవిరి కావాలి, అంటే సుమారు 62,000. మండించినప్పుడు ఉన్న వేడిలో నాలుగింట మూడు వంతులు డ్రైయర్‌కి చేరాయనుకుంటే 52,500 దొరుకుతుంది. పది వేలు లోటు. ఆ లోటుని రోజూ ఊకతోనో, పుల్లలతోనో పూడ్చాలి.

20 బదులు 25 శాతం వరకు పిండగలిగితే? కేక్ 80 కిలోలే. ఆవిరి చేయాల్సింది 58 కిలోలు, దానికి 46,400. లోటు పోయి ఆరు వేలు మిగిలింది. ప్రెస్ దగ్గర అయిదు శాతం తేడా ప్లాంట్ భవిష్యత్తునే మార్చేసింది. అక్కడి నుంచి ఎండలో 40 శాతానికి తెస్తే ఆవిరి చేయాల్సింది 28 కిలోలే, ఖర్చు 22,400, మిగులు 30,000.

ఆ మిగులుతో కరెంటు ఎంత వస్తుందో కూడా చూడండి. ఒక యూనిట్ అంటే 860 కిలో కేలరీలు. 30,000 అంటే 35 యూనిట్ల వేడి. చిన్న ఇంజిన్లు అందులో పదో వంతు కరెంటుగా మార్చినా గొప్పే. వెయ్యి కిలోల మడ్డికి మూడున్నర యూనిట్లు! రోజుకి మూడు నాలుగు బండ్లు వచ్చే ఊళ్లో 15,000 లీటర్ల మడ్డి అనుకుంటే 50 యూనిట్లు. దానికోసం బాయిలరు, ఇంజిను, ఆపరేటరు పెట్టుకోవడం దండగ అని నా అభిప్రాయం. ఈ స్థాయిలో వచ్చిన వేడికి సరైన చోటు డ్రైయరే.

మొదటి అడుగు: మీ ఊరి మడ్డిని కొలవండి

పక్క ఊరి రిపోర్టు పనికిరాదు. ఇసుక నేలలో రింగులు దించిన గుంటల నుంచి వచ్చే మడ్డిలో బూడిద పాలు ఎక్కువ. అలాంటి దానిలో వేడి కిలోకి 2,000 దగ్గరకు పడిపోవచ్చు. పబ్లిక్ టాయిలెట్ల నుంచి వచ్చే తాజా మడ్డి బాగా మండుతుంది కానీ పిండితే నీరు వదలదు. ఏళ్ల తరబడి ట్యాంకులో మాగినది సులభంగా నీరు వదులుతుంది.

నమూనా తీసేటప్పుడు బండి వాల్వు తిప్పగానే ఒక మగ్గు పట్టి ఊరుకోకండి. బండి ఖాళీ అవుతున్నంతసేపూ మడ్డి ఒకే చిక్కదనంలో రాదు. మొదట్లో, మధ్యలో, చివర్లో సమానంగా పట్టి ఒకే బకెట్‌లో కలిపి, అందులోంచి తీయండి. వేసవిలో కొంత, వానల్లో కొంత, వేరువేరు వీధుల నుంచి తీయండి.

మూడు పరీక్షలు చాలు. 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఉంచితే తేమ తెలుస్తుంది. మిగిలిన పొడిని 550 డిగ్రీల మఫిల్ ఫర్నేస్‌లో కాలిస్తే బూడిద పాలు తెలుస్తుంది. మూడోది కెలోరిఫిక్ వాల్యూ, అంటే కిలో మండితే ఎంత వేడి వస్తుందన్నది. ల్యాబ్ ఇచ్చిన అంకె పక్కన అది పూర్తిగా ఆరిన మడ్డికా, తెచ్చిన తడి నమూనాకా అన్నది తప్పనిసరిగా రాయించుకోండి. ఈ రెండూ కలిసిపోతే మీ లెక్క మొత్తం తలకిందులవుతుంది. ఎస్టీపీ స్లడ్జ్ (అక్కడ మిగిలే మడ్డి) అయితే, దానికి మురుగు వచ్చే దారిలో లోహపు పూత వేసే ప్లేటింగ్ యూనిట్లు, అద్దకం షెడ్లు ఉంటే, కాడ్మియం, సీసం, పాదరసం కూడా చూపించండి.

రెండో అడుగు: గుడ్డలు, ప్యాడ్లు, ఇసుక పక్కకి తీయండి

బండి పైపు వదిలే చోట ఊచల జల్లెడ, దాని తర్వాత ఇసుక దిగడానికి చిన్న తొట్టి. ఇది అందరికీ తెలిసిన విషయమే, అయినా దీని మీద ఖర్చు తగ్గించుకోవాలని చూస్తారు. ఇసుక స్క్రూ ప్రెస్‌ని అరగదీస్తుంది. కొలిమిలోకి వెళ్తే వేడి తినేసి బూడిదగా బయటికొస్తుంది. ప్లాస్టిక్ ముక్కల్లో పీవీసీ ఉంటే దాని క్లోరిన్ వల్ల పొగలో డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుట్టే ప్రమాదం ఉంది.

మూడో అడుగు: పిండడం

ప్లాంట్ బతికేది ఇక్కడే. డబ్బు, శ్రద్ధ ఎక్కువగా పెట్టాల్సిన చోటు ఇదే.

మడ్డిలోని సన్నని రేణువులకు నీటిని పట్టుకునే గుణం ఉంటుంది. ఉన్నపళంగా ప్రెస్‌లో వేస్తే నీటితో పాటు మడ్డి కూడా జల్లెడ దాటి పోతుంది. అందుకే ఆ రేణువులను గడ్డలు కట్టించే పాలిమర్ అనే రసాయనం కలుపుతారు. టన్ను పొడి పదార్థానికి సాధారణంగా 4 నుంచి 10 కిలోలు పడుతుంది. ఎంత కావాలో రోజూ పొద్దున్నే గ్లాసుల పరీక్షతో చూసుకోవాలి. ఒకే కొలతలో మడ్డి పోసిన నాలుగైదు బీకర్లలో, నీటిలో పల్చగా కరిగించిన పాలిమర్‌ని కొంచెం కొంచెం పెంచుతూ పోయండి. ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా కలపండి. ఒక మోతాదు దగ్గర మడ్డి గడ్డలుగా విడిపోయి, మధ్యలో నీరు తేటగా కనబడుతుంది. అదే ఆ రోజు మోతాదు. ఇంకా పోస్తే గడ్డలు జారుడుగా, సాగుతూ ఉంటాయి. ప్రెస్ జల్లెడకి అంటుకుని మూసేస్తాయి. పాలిమర్ ఎక్కువైనా పని చెడుతుందన్నది కొత్త ఆపరేటర్లకి ముందే చెప్పాలి.

చిన్న ఊరికి స్క్రూ ప్రెస్ నప్పుతుంది. నెమ్మదిగా తిరుగుతుంది, కరెంటు తక్కువ, 18 నుంచి 25 శాతం దాకా పిండుతుంది. ప్లేట్ల ఫిల్టర్ ప్రెస్ ఇంకా గట్టిగా పిండుతుంది కానీ ప్రతి విడతకీ మనిషి నిలబడి ప్లేట్లు విప్పాలి. గ్లవ్స్ వేసుకున్న చేత్తో కేక్ తీసుకుని గట్టిగా పిడికిలి బిగించండి. వేళ్ల సందుల్లోంచి ముద్దగా పిసికినట్టు బయటికొస్తే డ్రైయర్‌కి పంపే స్థితి కాదు. పిడికిలి విప్పాక ముద్ద విరిగి, విరిగిన చోట పొడిగా కనిపిస్తే పర్వాలేదు. తేమ పరీక్షకి ఇది బదులు కాదు గానీ, షిఫ్టు మధ్యలో తేడా పట్టేయడానికి పనికొస్తుంది.

పిండిన నీరు ఎక్కడికి పోతుందో కూడా ముందే తేల్చుకోండి. వెయ్యి లీటర్లకి 900 లీటర్లు అదే. దాన్ని కాలువలోకి వదిలేస్తే పెట్టిన ప్లాంట్‌కి అర్థం లేదు. మొక్కల గ్రావెల్ బెడ్ అయినా, ఎంబీబీఆర్ (ప్లాస్టిక్ బిళ్లల మీద పెరిగే సూక్ష్మజీవులతో నీటిని శుద్ధి చేసే ట్యాంకు) అయినా, దగ్గర్లోని ఎస్టీపీ అయినా ఒక దారి ఉండాలి.

నాలుగో అడుగు: ఎండ

రెంటచింతల ఎండ, భద్రాచలం ఎండ అని వేసవిలో చెప్పుకుంటాం కదా, ఆ వేడి ఊరికే వస్తుంది. స్థలం ఉంటే దాన్ని వదులుకోవద్దు. కడియం నర్సరీల్లో కనిపించే పాలిథిన్ షెడ్ లాంటిదే వేసి, కింద సిమెంట్ గచ్చు చేసి, కేక్‌ని జానెడు మందానికి మించకుండా పరవండి. రోజూ తిరగేయాలి. పైన పొర ఎండి పెచ్చు కట్టిందంటే కింద తడి అలాగే ఉండిపోతుంది. షెడ్‌కి పక్కలు మూసేసి వదిలేస్తే లోపల గాలి తేమతో నిండి ఆరడం ఆగిపోతుంది. వేడి కన్నా గాలి మార్పిడే ఇక్కడ ముఖ్యం, ఫ్యాన్లు పెట్టండి.

జూన్ నుంచి అక్టోబరు దాకా, నెల్లూరు వైపు డిసెంబరు దాకా, ఎండని నమ్ముకోలేం. అందుకే డ్రైయర్ సైజు వానాకాలాన్ని బట్టి లెక్క వేయాలి. మేలో చూసిన మిగులు ఆగస్టులో ఉండదు.

అయిదో అడుగు: డ్రైయర్

మూడు రకాలు వాడుకలో ఉన్నాయి. వేడి వాయువుల్ని నేరుగా మడ్డి మీదకి పంపే తిరిగే డ్రమ్ము పెద్ద నగరాలకి. జల్లెడ బెల్టు మీద కేక్ పరిచి 80 నుంచి 130 డిగ్రీల గాలి పంపే బెల్టు డ్రైయర్ చిన్న, మధ్య స్థాయికి. ఆవిరి గానీ వేడి నూనె గానీ లోపల తిరిగే తెడ్ల మధ్య మడ్డిని కలిపే ప్యాడిల్ డ్రైయర్‌లో బయటికొచ్చే గాలి తక్కువ. వచ్చేది దాదాపు ఆవిరే కాబట్టి దాన్ని చల్లార్చి వేడిని మళ్లీ పట్టుకోవచ్చు, వాసనా అదుపులో ఉంటుంది. చిన్న పట్టణానికి నేను బెల్టు లేదా ప్యాడిల్ వైపే మొగ్గుతాను.

డ్రైయర్ ఏదైనా, దారి మధ్యలో ఒక గండం ఉంది. ఘనపదార్థం 40 నుంచి 60 శాతం మధ్య ఉన్నప్పుడు మడ్డి కోసిన పనసకాయ జిగురులా తెడ్లకీ, గోడలకీ పట్టేస్తుంది. మోటారు మీద లోడు పెరుగుతుంది, యంత్రాన్ని కాపాడటానికి పెట్టిన షియర్ పిన్ తెగుతుంది, లోపలికి దిగి గీకాల్సి వస్తుంది. దీనికి మందు పాతదే: అప్పటికే ఆరిన పొడిని వెనక్కి తెచ్చి తడి కేక్‌లో కలిపి, లోపలికి వెళ్లే మిశ్రమం 60 శాతం పైనే ఉండేట్టు చూడటం. జిగురు దశని దాటి మొదలుపెట్టడమన్నమాట. డబ్బు ఆదా అని ఈ కలిపే యంత్రాన్ని కొనకపోతే తర్వాత డ్రైయర్ నడిచే రోజుల కన్నా ఆగే రోజులే ఎక్కువవుతాయి.

ఎంత ఆరబెట్టాలన్నది తర్వాతి పనిని బట్టి. మండించడానికి 70, 80 శాతం చాలు. నిల్వ చేయాలన్నా, ఎరువుగా ఇవ్వాలన్నా 90 కావాలి. అమెరికాలో 1993 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం తేమ 10 శాతానికి దిగి, రేణువుల వేడి 80 డిగ్రీలు దాటితే ఆరబెట్టడం వల్ల రోగక్రిములు పోయినట్టు లెక్క. ఏలికపాముల గుడ్లు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి ఈ గీటు మనకీ అవసరమే.

మరీ ఎక్కువ ఆరబెట్టినా ప్రమాదమే. సన్నని పొడి గాల్లో లేస్తే నిప్పురవ్వకి పేలుతుంది. వేడిగా ఉన్న పొడిని కుప్ప పోస్తే లోలోపల కాగి తనంతట తనే రాజుకుంటుంది. 40 డిగ్రీల లోపు చల్లార్చాకే బస్తాల్లో నింపండి, కుప్ప లోపల వేడి చూసే కడ్డీ థర్మామీటరు పెట్టండి.

ఆరో అడుగు: మండించాలా, బొగ్గు చేయాలా?

మండించడంలో వేడి మొత్తం చేతికొస్తుంది, బూడిద మిగులుతుంది. బొగ్గు చేయడంలో, అంటే గాలి అందకుండా 500, 600 డిగ్రీల దగ్గర కాల్చడంలో, వేడిలో సగం దాకా బొగ్గులోనే ఉండిపోతుంది. మిగతాది గ్యాసుగా వచ్చి మండుతుంది. పైన వేసిన లెక్కలో పెట్టి చూడండి: 70,000లో సగం 35,000, అందులో నాలుగింట మూడు వంతులు 26,000. 40 శాతం కేక్‌కి కావాల్సిన 22,400కి అది సరిపోతుంది. 25 శాతం కేక్‌కి సరిపోదు. కాబట్టి బొగ్గు దారి ఎంచుకునేవాళ్లు ఎండ షెడ్ లేకుండా మొదలుపెట్టకూడదు, లేదా ఊకకి బడ్జెట్ పెట్టుకోవాలి. గోదావరి జిల్లాల్లో, కరీంనగర్, నల్గొండ వైపు రైస్ మిల్లులు దగ్గరే ఉంటాయి కాబట్టి కొలిమి రాజేయడానికి ఊకకి కొదవుండదు.

మండించినా, గ్యాసు కాల్చినా, పొగ 850 డిగ్రీల దగ్గర కనీసం రెండు సెకన్లు ఉండాలన్నది ఐరోపా నియమం. డయాక్సిన్లు విరిగిపోవడానికి అది కావాలి. కొలిమి ఉష్ణోగ్రత రోజంతా రికార్డయ్యే ఏర్పాటు లేకుండా ప్లాంట్‌ని ఊరికి అప్పగించవద్దు.

బూడిదలో, బొగ్గులో భాస్వరం నిలిచి ఉంటుంది. నత్రజని చాలావరకు పోతుంది. పొలాలకి ఇచ్చే ముందు లోహాల పరీక్ష చేయించి, 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో సిటీ కంపోస్టుకి ఉన్న పరిమితులతో పోల్చండి. జర్మనీ 2029 నుంచి పెద్ద ఎస్టీపీల స్లడ్జ్ నుంచి భాస్వరం తిరిగి తీయడం తప్పనిసరి చేసింది. భాస్వరం కోసం దిగుమతుల మీద ఆధారపడే మనం దాన్ని గుంటల్లో పూడ్చడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకో దారి, ఆరిన మడ్డిని సిమెంట్ కొలిమికి ఇంధనంగా ఇవ్వడం. పల్నాడు, సూర్యాపేట, తాండూరు ప్రాంతాలకి దగ్గరున్న ఊళ్లకి ఇది సొంత కొలిమి కన్నా మేలు. బూడిద కూడా క్లింకర్‌లోనే, అంటే సిమెంట్ ముడిగడ్డలోనే, కలిసిపోతుంది. ఫ్యాక్టరీ వాళ్లు తేమ, క్లోరిన్ ఎంత ఉండాలంటారో ముందే రాతలో తీసుకోండి.

ఆరబెట్టకుండా వేడి చేసే దారి

నీటిని ఆవిరి చేయడమే ఖరీదైన పని అయితే, ఆవిరి కానివ్వకుండా వేడి చేస్తే? మూసిన పాత్రలో 180 నుంచి 250 డిగ్రీల దాకా వేడి చేస్తే ఒత్తిడి వల్ల నీరు నీరుగానే ఉంటుంది. ఒకటి రెండు గంటల్లో మడ్డి బొగ్గు లాంటి పదార్థంగా మారి, నీటిని పట్టుకునే గుణం పోగొట్టుకుంటుంది. తర్వాత పిండితే ఘనపదార్థం 50 శాతం పైనే వస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బెర్గియస్ 1913లోనే దీన్ని వివరించాడు. 1931లో ఆయన రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్నాడు గానీ అది అధిక పీడన పద్ధతులకి. కిలో నీటిని 200 డిగ్రీలకి తేవడానికి సుమారు 175 కిలో కేలరీలు చాలు. అందులోనూ చాలాభాగం తర్వాతి విడత మడ్డిని వేడి చేయడానికి తిరిగొస్తుంది.

కాగితం మీద ఇది అన్నిటికన్నా అందమైన లెక్క. కానీ 200 డిగ్రీల దగ్గర పాత్రలో ఒత్తిడి దాదాపు 15 బార్లు. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ అనుమతి, శిక్షణ పొందిన ఆపరేటర్, ప్రతి ఏడూ పరీక్షలు కావాలి. బయటికొచ్చే గోధుమరంగు నీరు ఘాటైన వాసనతో, సేంద్రియ కాలుష్యంతో నిండి ఉంటుంది. దాన్ని బయోగ్యాస్ ట్యాంకుకి పంపితే గ్యాస్ వస్తుంది, కాబట్టి అలాంటి ట్యాంకు ఉన్న పెద్ద ఎస్టీపీకే ఈ పద్ధతి సరిపోతుంది. ఇదే వరసలో, 160, 165 డిగ్రీల దగ్గర అరగంట ఉడికించి తర్వాత బయోగ్యాస్‌కి పంపే పద్ధతి వాషింగ్టన్ డీసీలోని బ్లూ ప్లెయిన్స్ ఎస్టీపీలో నడుస్తోంది. చిన్న మునిసిపాలిటీ వీటి జోలికి పోవద్దంటాను.

కూరగాయల మార్కెట్, హోటళ్ల వ్యర్థాలకి అసలు ఈ వ్యవహారమంతా అక్కర్లేదు. వాటిని ఆరబెట్టకుండా నేరుగా బయోగ్యాస్ చేయడమే తెలివి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకి సుమారు 10 టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల దాకా కరెంటు తీసే ప్లాంట్ ఉంది. తడి వ్యర్థం ఏదైనా ముందు ఈ ప్రశ్న వేసుకోండి, తర్వాతే వేడి గురించి ఆలోచించండి.

ఏడో అడుగు: ఆవిరి, వాసన, మనుషులు

డ్రైయర్ ఆవిరిలో అమ్మోనియా, దుర్వాసన వాయువులు కలిసి ఉంటాయి. ఆవిరిని చల్లార్చాక మిగిలే వాయువుల్ని కొలిమిలోకే పంపితే కాలిపోతాయి. ఆవిరి చల్లారిన నీరు తేటగా కనిపిస్తుంది గానీ అమ్మోనియా ఉంటుంది, శుద్ధి చేశాకే వదలాలి. ఊరి జనం ప్లాంట్‌ని వ్యతిరేకించేది వాసన వల్లే. ఆ కోపం న్యాయమైనది.

మడ్డి తొట్టిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది. పంపు ఆగిపోయిందని ఎవరినీ లోపలికి దించకండి. రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాలువల్లోకి మనుషుల్ని దించి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. పంపుని గొలుసుతో పైకి లాగేలా డిజైన్‌లోనే పెట్టించండి. కొలిమి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం, కార్మికులకి హెపటైటిస్, ధనుర్వాతం టీకాలు, నులిపురుగుల మందు, స్నానాల గది ఖర్చుల్లో మొదటి వరసలో ఉండాలి.

ఎనిమిదో అడుగు: టెండర్‌లో ఏం రాయాలి

"రోజుకి ఇన్ని వేల లీటర్ల ప్లాంట్" అని మాత్రమే రాస్తే చాలదు. ప్రెస్ దాటిన కేక్‌లో ఘనపదార్థం ఎంత శాతం ఉండాలో, కిలో నీటిని ఆవిరి చేయడానికి ఎన్ని కిలో కేలరీలు, ఎంత కరెంటు మించకూడదో, బయటి ఇంధనం నెలకి ఎంత వాడొచ్చో అంకెల్లో రాయండి. సొంత వేడితో నడిచే మడ్డి శుద్ధి యూనిట్లకి 2020లో వచ్చిన ఐఎస్ఓ 31800 ప్రమాణం ఉంది. భద్రత, పనితీరు షరతులకి దాన్ని ఆధారం చేసుకోవచ్చు. పనితీరు పరీక్ష వేసవిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి, మీ ఊరి బండ్లు తెచ్చిన మడ్డితోనే జరగాలి. వానాకాలం పరీక్షలో ఒప్పుకున్న ఊక కన్నా ఎక్కువ కాలితే ఆఖరి బిల్లు ఆపే షరతు ఒప్పందంలో ఉంచండి.